పిల్లుల గుహలో పొద్దుగూకే వేళ

మోకాళ్ల మీద కూర్చున్నారు. రెండు అరచేతులూ బురదలో ఆనించారు. ఎదురుగా ముళ్లచెట్టు కింద, గట్టు అడుగున ఒక కంత. పెద్దవాళ్లు భుజాలు ముడుచుకుంటే గానీ పట్టని కంత. లోపలి నుంచి తడి సున్నపురాయి వాసన వస్తోంది. వెనక పొలంలో ఆవు ఒకటి అరిచింది. అక్టోబరు 31, సాయంత్రం నాలుగు దాటింది. ఇంకాసేపట్లో పొద్దు గూకుతుంది.

ఈ రాత్రిని ఐర్లండ్‌లో సౌవిన్ అంటారు. పాత ఐరిష్ లెక్కలో ఏడాదికి రెండే భాగాలు. మే నెల మొదట్లో వెలుగు భాగం మొదలవుతుంది, నవంబరు మొదట్లో చీకటి భాగం. ఆ రెంటి మధ్య ఉన్న గడప ఈ రాత్రి. ఈ ఒక్క రాత్రీ ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య తలుపు తెరుచుకుంటుందని నమ్మారు. ఆ తలుపు మీ ముందున్న ఈ కంతే. దీని పేరు ఓవినగాట్, అంటే పిల్లుల గుహ. మధ్యయుగాల కథకులు దీన్ని ఐర్లండ్ నరకద్వారం అన్నారు.

దూరడానికి ముందు కాస్త ఆగండి. పైనున్న నేల సంగతి తెలియకుండా దిగితే కింద ఉన్నది ఉత్త చీకటే.

*

మధ్యాహ్నం మీరు డబ్లిన్ నుంచి పడమటికి వచ్చారు. రెండు గంటల ప్రయాణం. రాస్‌కామన్ కౌంటీలో టల్స్క్ అనే చిన్న ఊరు. కారు దిగి చూస్తే చదునైన పచ్చిక బయలు, రాతి కంచెలు, గొర్రెలు, ఆవులు, వీటన్నిటి మీదా కిందికి వంగిన మబ్బుల ఆకాశం. కోట లేదు, గోపురం లేదు, కూలిన గోడ కూడా లేదు. "ఇదేనా?" అని మనసులో అనుకుంటారు. వచ్చిన ప్రతివాళ్లూ అలాగే అనుకుంటారని మీ గైడ్‌కు తెలుసు. ఆవిడ ఈ చుట్టుపక్కల పుట్టి పెరిగిన మనిషి. ఏమీ అనకుండా మిమ్మల్ని ఒక పచ్చని దిబ్బ మీదికి నడిపిస్తుంది.

గడ్డి తడిగా ఉంది. పది పదిహేను అడుగులు వేసేసరికి ఎక్కేశారు. ఈ దిబ్బ అడుగున అడ్డంగా 89 మీటర్లు, ఎత్తు అయిదున్నర మీటర్లు, అంతే. "ఇప్పుడు మీరు కొనాక్ట్ రాజధాని మీద నిలబడ్డారు," అంటుంది గైడ్.

ఇది రాత్‌క్రోహన్. కథల్లో దీని పేరు క్రూహన్. మేవ్ రాణి కొలువు. మీ చుట్టూ ఆరున్నర చదరపు కిలోమీటర్లలో 240కి పైగా పురాతన స్థలాలున్నాయి. సమాధి దిబ్బలు, గుండ్రటి మట్టి కోటలు, నిలువురాళ్లు, కందకాలు. కొన్ని వేల ఏళ్ల నాటివి, కొన్ని మధ్యయుగాలవి. అన్నిటినీ పచ్చిక కప్పేసింది. 1990లలో గాల్వే విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ దిబ్బను తవ్వకుండానే పరికరాలతో లోపలికి చూశారు. చుట్టూ 360 మీటర్ల అడ్డుకొలతతో ఒక పెద్ద వలయం బయటపడింది, దిబ్బ కింద మరిన్ని వలయాలు కనిపించాయి. పైకి గడ్డి, గొర్రెలు. కిందంతా పాతకాలపు మనుషుల పని.

అవన్నీ కంటికి కనపడవు. ఈ నేలను చూడాలంటే ముందు వినాలి.

ఐరిష్ వాళ్లకు ఇందుకోసం ఒక విద్యే ఉండేది. దిన్‌షనహస్ అంటారు. ఏ గుట్టకు ఆ పేరెందుకు వచ్చింది, ఏ వాగులో ఎవరు మునిగారు, ఏ రేవు దగ్గర ఎవరి తల తెగింది, ఇవన్నీ కథలుగా గుర్తుపెట్టుకోవడం. దేశాన్ని పొలం పొలంగా, పేరు పేరుగా కంఠస్థం చేయడమన్న మాట. ఆ కవులకు పటం అక్కర్లేదు. కథ చెబుతూ పోతే దారి అదే కనపడేది.

*

కథ ఈ దిబ్బ మీదే, రాజదంపతుల పడకగదిలో మొదలవుతుంది.

మేవ్, ఆమె భర్త అలిల్ పక్క మీద పడుకుని కబుర్లాడుకుంటున్నారు. నన్ను పెళ్లాడి నువ్వు బాగుపడ్డావంటాడు అలిల్. నీ ముఖం చూడకముందే నాకన్నీ ఉన్నాయంటుంది మేవ్. మాటా మాటా పెరిగింది. సరే, లెక్క తేల్చుకుందామన్నారు. గిన్నెలూ గంగాళాలూ తెప్పించారు. ఉంగరాలు, బట్టలు, గొర్రెలు, గుర్రాలు, పందులు, ఒక్కొక్కటీ వరస పెట్టి లెక్కించారు. అన్నీ సమానం. ఒక్క దగ్గర మాత్రం తేడా వచ్చింది. అలిల్ మందలో తెల్లకొమ్ముల ఆబోతు ఒకటుంది. పుట్టింది మేవ్ మందలోనే. ఆడమనిషి సొత్తుగా ఉండనని రాజుగారి మందలోకి వెళ్లిపోయింది. దానికి సాటి వచ్చే ఆబోతు మేవ్ దగ్గర లేదు.

ఆ ఒక్క తేడా ఆమెకు నిద్ర లేకుండా చేసింది. దేశమంతా వాకబు చేస్తే సాటి ఆబోతు ఒక్కటే తేలింది. అల్‌స్టర్ రాజ్యంలో కూలీ అనే సీమలో ఉన్న గోధుమరంగు ఆబోతు. ఏడాది పాటు ఎరువిమ్మని దూతలను పంపింది. ఆబోతు యజమాని ముందు ఒప్పుకున్నాడు. రాత్రి విందులో దూతలు తాగి, "మర్యాదగా ఇవ్వకపోతే బలవంతంగా తోలుకెళ్లేవాళ్లం" అని వాగారు. ఆ మాట అతని చెవిన పడింది. ఆబోతు లేదు పొమ్మన్నాడు. మేవ్ సైన్యాన్ని కదిలించింది.

విరాటపర్వంలో ఆలమందల కోసం కౌరవులు దండెత్తి వచ్చిన కథ విన్న మనకు ఇది వింతగా తోచదు. పాడి ఆవే ధనమైన సీమలో ఆబోతంటే రాజ్యమంత. పాత ఐరిష్ చట్టాల్లో పరువు వెలా, జరిమానాలూ ఆవుల లెక్కలోనే కట్టేవాళ్లు. ఈ యుద్ధకథే 'తాన్ బో కూలీ', కూలీ పశువుల దోపిడి. అల్‌స్టర్ యోధులంతా శాపవశాన నొప్పులతో మంచాన పడితే, కుహులిన్ అనే కుర్రవాడు ఒక్కడే రేవుల దగ్గర నిలబడి, ఒక్కొక్కడితో పోరాడుతూ మేవ్ సైన్యాన్ని నిలవరించిన కథ.

ఈ కథ ఉన్న రాతప్రతుల్లో అన్నిటికన్నా పాతదాన్ని 'గోధుమావు గ్రంథం' అంటారు. షానన్ నది ఒడ్డున క్లాన్‌మక్‌నోయిస్ మఠంలో రాశారు. రాసినవాళ్లలో ఒకరైన మేల్ మురె అనే లేఖకుడిని 1106లో దోపిడిగాళ్లు ఆ మఠంలోనే చంపేశారు. కీరన్ అనే సాధువు పెంచుకున్న ఆవు చర్మమే ఆ పుస్తకానికి పుటలైందని జనం చెప్పుకున్నారు. ఆబోతు కోసం జరిగిన యుద్ధాన్ని ఆవు చర్మం దాచిపెట్టింది. ఇప్పుడది డబ్లిన్‌లో రాయల్ ఐరిష్ అకాడమీలో భద్రంగా ఉంది.

*

దిబ్బ దిగి పొలాలకు అడ్డంబడి నడుస్తున్నారు. బూట్ల కింద నేల నీళ్లు కక్కుతోంది. గైడ్ ఒక గుండ్రటి మట్టికట్ట దగ్గర ఆగింది. నడుమెత్తు గట్టు, పైన ముళ్లచెట్లు, మధ్యలో పచ్చిక. "రాత్ నా దార్వ్. ఆబోతుల కోట," అంటుంది.

యుద్ధం ముగిశాక రెండు ఆబోతులూ తలపడింది ఇక్కడేనని చెబుతారు. పగలల్లా కుమ్ముకున్నాయి. చీకటి పడ్డాక జనానికి రంకె తప్ప మరేమీ వినపడలేదు. ఆ రాత్రి అవి ఐర్లండంతా తిరుగుతూ పోట్లాడాయి. తెల్లవారేసరికి గోధుమరంగు ఆబోతు తెల్లదాని కళేబరాన్ని కొమ్ములకు తగిలించుకుని పడమటి నుంచి వస్తోంది. ఇంటిదారి పట్టి, దారి పొడుగునా ముక్కలు రాలుస్తూ పోయింది. తుంటి మాంసం పడిన చోటు ఆహ్ లూన్ అయింది, అంటే తుంటి రేవు. నేటి ఆథ్‌లోన్ పట్నం అదేనంటుంది కథ. ఇంటికి చేరిన గోధుమ ఆబోతు కూడా గుండె పగిలి చచ్చింది. ఇంత యుద్ధం జరిగి చివరికి ఎవరికీ ఆబోతు దక్కలేదు. ఊళ్లకు పేర్లు మాత్రం మిగిలాయి.

గట్టు మీద కాలు పెట్టబోయి మీరు వెనక్కి తగ్గారు. ఎందుకో మీకే తెలియదు. గైడ్ చూసింది, తల ఊపింది. ఐర్లండ్‌లో ఇలాంటి గుండ్రటి మట్టి కోటలు వేలల్లో ఉన్నాయి. ఒకప్పుడు రైతుల ఇళ్లకూ పశువులకూ రక్షణగా కట్టుకున్నవే. ఇళ్లు పోయాక అవి 'ఆ వాళ్ల' సొత్తయ్యాయి. షీ అనే ఆ భూగర్భవాసులను పాతకాలం వాళ్లు పేరు పెట్టి పిలవరు. 'మంచివాళ్లు' అంటారు, 'అవతలి వాళ్లు' అంటారు. మన పల్లెల్లో రాత్రిపూట పామును పామనకుండా పురుగు అంటారు చూడండి, అలాగన్న మాట. ఆ కట్టను దున్నితే ఇంట్లో కీడు. ఒంటరి ముళ్లచెట్టును నరికితే చెయ్యి పడిపోతుంది. ఈ భయం తరతరాలుగా రైతుల నాగళ్లను పక్కకు తిప్పింది. పరిశోధకులు వచ్చేదాకా నేలను కాపాడింది ఆ భయమే. 1999లో క్లేర్ కౌంటీలో కొత్త రోడ్డుకు ఒక ముళ్లచెట్టు అడ్డొస్తే, ఎడ్డీ లెనిహన్ అనే కథకుడు అది అవతలి వాళ్ల చెట్టని పట్టుబట్టాడు. రోడ్డు పథకం మారింది, చెట్టు మిగిలింది.

అక్కణ్నుంచి చూస్తే ఎడంగా ఇంకో గట్టు. రాజుల శ్మశానం. దానికి దగ్గర్లోనే ఎర్ర ఇసుకరాయి స్తంభం ఒకటి నిలబడి ఉంది. క్రైస్తవం రాకముందు ఏలిన చివరి రాజు దాహీదంటారు. దండయాత్రకు పోయి ఆల్ప్స్ పర్వతాల్లో పిడుగు పడి చనిపోతే, సైనికులు శవాన్ని సముద్రాలు దాటించి తెచ్చి ఇక్కడ పాతిపెట్టారట. టల్స్క్ పక్కనే ఓగుల్లా ఊటబావి ఉంది. పొద్దున్నే స్నానానికి వచ్చిన ఇద్దరు రాకుమార్తెలు, ఎత్న, ఫెడెల్మ్, అక్కడ పాట్రిక్ సాధువును చూసి మీ దేవుడెవరు, ఎక్కడుంటాడు, ఆయనకు కొడుకులూ కూతుళ్లూ ఉన్నారా అని అడిగారు. పాత దేవతల నేల మీదికి కొత్త దేవుడు వచ్చి, ముందు పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వచ్చింది.

ఈ కథలన్నీ పుస్తకాల్లోనే ఉండిపోలేదు. ఇక్కడికి దగ్గర్లోనే ఫ్రెంచ్‌పార్క్‌లో పాస్టరు కొడుకు ఒకడు పెరిగాడు. బడికి పోకుండా పొలాలూ బురదనేలలూ పట్టుకు తిరిగి, ముసలివాళ్ల నోటి వెంట ఐరిష్ నేర్చుకుని, వాళ్ల కథలూ పాటలూ రాసిపెట్టుకున్నాడు. ఆ డగ్లస్ హైడే 1938లో ఐర్లండ్ తొలి అధ్యక్షుడయ్యాడు. అప్పుడే, 1937 నుంచి 1939 దాకా, దేశంలోని సుమారు 5,000 ప్రాథమిక బడుల్లో ఒక పెద్ద పని జరిగింది. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు ఇంటికి వెళ్లి తాతనో నాయనమ్మనో పక్కింటి ముసలాయననో అడిగి, తమ ఊరి గుట్టల కథలూ బావుల కథలూ నోటుపుస్తకాల్లో రాసుకొచ్చారు. పరీక్షల కోసం రాయలేదు. ఆ ముసలివాళ్లు పోతే ఆ పేర్లూ పోతాయని రాయించారు.

*

ఇక కంత దగ్గరికి వద్దాం.

మట్టిబాట పక్కన ముళ్లచెట్టు. ఆకులు రాలిపోయాయి, ఎర్రటి పండ్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. గైడ్ హెల్మెట్ బిగించి, టార్చి చేతికిచ్చి, "కాళ్లు ముందు పెట్టి జారండి," అంది.

జారారు. మోచేతులు రాళ్లకు ఒరుసుకున్నాయి. చుట్టూ పేర్చిన రాతిగోడలు, పైన అడ్డంగా పరిచిన బండలు. ఇంతవరకూ మనుషుల కట్టడం. "తల పైకెత్తి చూడండి," అంది గైడ్ వెనకనుంచి. ద్వారబండ అంచు మీద టార్చి ఏటవాలుగా పట్టారు. గాట్లు. గుంపులు గుంపులుగా, కొన్ని నిలువు, కొన్ని ఏటవాలు. ఇవి ఓహమ్ అక్షరాలు, రాతి అంచే గీతగా చెక్కిన పాత ఐరిష్ లిపి. పందొమ్మిదో శతాబ్దంలో కవి సామ్యూల్ ఫెర్గూసన్ ఈ గాట్లను గుర్తించాడు. 'వ్రాయికి మాకి మేద్వి' అని ఉంది. అంటే మేవ్ కొడుకు ఫ్రేహ్‌ది. వేలు పెట్టి తడిమారు. గాట్లు అరిగి నునుపెక్కాయి, చెమ్మగా ఉన్నాయి. ఏ మేవ్ అయితేనేం, పద్నాలుగు, పదిహేను వందల ఏళ్ల కిందట ఎవరో ఉలి పట్టుకుని ఆ పేరు పోకూడదని కొట్టిన గాటు మీ వేలికి తగిలింది.

ఇంకాస్త పాకితే కట్టడం ఆగిపోయి నేల సొంత చీలిక మొదలవుతుంది. ఇక నిలబడచ్చు. సన్నగా, ఎత్తుగా, 37 మీటర్ల పొడుగున కిందికి వాలిన సున్నపురాతి నెర్రె. బూటు బురదలో కూరుకుపోయి చప్పుడు చేస్తూ బయటికొస్తోంది. ఎక్కడో నీటిచుక్క పడింది. కాసేపటికి ఇంకోటి.

ఈ నోట్లోంచే సౌవిన్ రాత్రుల్లో ఏవేవో బయటికొచ్చేవి. మూడు తలల ఎల్లెన్ వచ్చి దేశాన్ని పాడుచేసింది. ఎర్రపిట్టలు వచ్చి ఊపిరితోనే పైరును మాడ్చేశాయి. లెక్కకు అందని పందులు వచ్చాయి. అవి తిరిగిన చోట ఏడేళ్ల దాకా ఆకు మొలవలేదు. వాటిని లెక్కించాలని మేవ్ కూర్చుంటే ఒకటి ఆమె రథం మీంచి దూకింది. కాలు పట్టుకుంది రాణి. కాలూ చర్మమూ చేతిలో మిగిలాయి, పంది పోయింది. ముగ్గురు వీరులను పరీక్షించడానికి మూడు పిల్లులు వచ్చాయి. ఇద్దరు భోజనం వదిలేసి దూలాల మీదికెక్కారు. కుహులిన్ ఒక్కడే తెల్లవార్లూ పిల్లి ఎదుట కదలకుండా కూర్చున్నాడు. యుద్ధదేవత మోరిగన్ నివాసమూ ఇదే. ఆవును పోగొట్టుకున్న ఓద్రస్ అనే ఇల్లాలు వెతుక్కుంటూ ఇటుగా వచ్చి కునుకు తీస్తే, మోరిగన్ ఆమెను నీటిపాయగా మార్చేసింది.

"టార్చి ఆపుతున్నా," అంది గైడ్. ఆపింది. మీరూ ఆపారు.

ఇలాంటి చీకటి మీరెప్పుడూ చూడలేదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. చెయ్యి ముఖం ముందుకు తెచ్చారు, కనపడలేదు. ఆ చీకట్లో గైడ్ నెరా కథ మొదలుపెట్టింది. గొంతు తగ్గించింది. రాతిగోడలు మాటను మీ చెవిదాకా మోసుకొస్తున్నాయి.

ఒక సౌవిన్ రాత్రి. మేవ్, అలిల్ కొలువులో కాగు పొయ్యి మీదుంది. బయట ఉరికొయ్యకు ఇద్దరు బందీల శవాలు వేలాడుతున్నాయి. వెళ్లి ఒక శవం కాలికి తీగ చుట్టి వచ్చినవాడికి బంగారు పిడి కత్తి ఇస్తానన్నాడు రాజు. ఒక్కొక్కడే వెళ్లి, గజగజలాడుతూ వెనక్కి వచ్చాడు. నెరా మాత్రం వెళ్లి కట్టాడు. శవం నోరు విప్పింది. "చచ్చేప్పుడు దాహమేసింది. నన్ను మోసుకుపో," అంది. వీపు మీద మోసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మొదటి ఇంటి చుట్టూ నిప్పు, రెండో ఇంటి చుట్టూ నీళ్లు. మూడో ఇంట్లో శవానికి దాహం తీరింది. తిరిగి ఉరికొయ్యకు చేర్చి వెనక్కి చూస్తే కొలువంతా మంటల్లో ఉంది. తలలు తెగి పడున్నాయి. శత్రువుల వెంటపడి వాళ్లతోపాటే ఈ గుహలో దూరాడు.

లోపలి రాజు అతణ్ని ఒక ఆడమనిషి ఇంట ఉంచి, రోజూ కట్టెలు తెమ్మన్నాడు. ఆమె అతనికి ఇల్లాలైంది. "నువ్వు చూసింది ఇంకా జరగలేదు," అంది. "వచ్చే సౌవిన్‌కు జరుగుతుంది. వెళ్లి మీవాళ్లకు చెప్పు." లోపల అతనికి రోజులు గడిచాయి గదా, బయటివాళ్లు నమ్ముతారా? "పైన అదే కాగు చుట్టూ అదే విందులో ఉన్నారు. కాగు ఇంకా పొయ్యి దించలేదు," అంది. నమ్మకానికి గుర్తుగా వేసవి పూతను పట్టుకెళ్లమంది. అడవి వెల్లుల్లి, ప్రిమ్‌రోజ్ పూలు, బంగారురంగు ఫెర్న్ ఆకులు. ఆకు రాలే నవంబరు గడపలో, చేతినిండా పచ్చి పూలతో నెరా కొలువులోకి నడిచాడు. పూలు చూసి నమ్మారు. ఆ కొలువు బతికింది. నెరా మాత్రం తన ఇల్లాలి కోసం మళ్లీ గుహలోకి వెళ్లిపోయాడు. లోకం అంతమయ్యేదాకా బయటికి రాడు.

గైడ్ ఆగింది. నీటిచుక్క పడింది. నెరా ఉన్నాడన్న గుహలో, అదే రాత్రి, అదే చీకట్లో మీరు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నమ్మారా లేదా అని ఆ క్షణాన మిమ్మల్ని ఎవరూ అడగక్కర్లేదు. మీ ఒంటి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

*

బయటికి రావడం దూరడం కన్నా కష్టం. తల బయట పెట్టేసరికి చల్లగాలి ముఖానికి కొట్టింది. ముళ్లచెట్టు వెనక ఆకాశంలో చివరి ఎరుపు. హాలోవీన్ పుట్టింది ఇక్కడేనని ఈ ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ నోట్లోంచి బయటపడ్డవాళ్లకు ఆ మాట అతిగా అనిపించదు.

బాట మీద ఒక పెద్దాయన ఆవులను తోలుకొస్తున్నాడు. పచ్చిక పెరగడం ఆగే రోజులు కదా, వేసవంతా మేసిన మందను కొట్టానికి చేరుస్తున్నాడు. సౌవిన్ అంటే ముందుగా ఇదే, దెయ్యాల కన్నా ముందు. మేత బయలు నుంచి పశువులు ఇంటికి వచ్చే రోజు. అందుకే ఈ కథల్లో యుద్ధమూ ఆవు కోసమే, గుహ దగ్గర ఏడుపూ ఆవు కోసమే. కొలువు పోయింది, రాజులు పోయారు. ఆవులు మాత్రం అదే నేల మీద, అదే రోజుల్లో, అదే దారిన ఇంటికి పోతున్నాయి. వాటి వెనక నడిచే మనిషికి ఏ గట్టు పేరేమిటో తెలిసినన్నాళ్లు ఇక్కడ రాజధాని ఉన్నట్టే.

మీరు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆవుల ఒంటి వెచ్చదనం, పేడ వాసన, ఊపిరి పొగ మీ పక్కనుంచి సాగిపోయాయి. పెద్దాయన ఆగాడు. లోపలికి వెళ్లొచ్చారా అని అడగబోయి, కిందికి చూశాడు. మీ రెండు మోకాళ్లకూ బురద చిప్పలు కట్టి ఉంది. ఇక అడగలేదు. టోపీ అంచు తాకి, మందను అదిలిస్తూ ముందుకు పోయాడు.